వీపు మీద మోసినాయన

పొద్దున కాఫీ కలుపుతుంటే మా గల్లీ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో వచ్చింది. కింద ‘మన అన్న ఇక లేరు’ అని రాసి ఉంది. అది వరద నాటి ఫొటో. తలకు తువ్వాలు, ఛాతీ దాకా బురదనీళ్లు, నోరంతా తెరిచి నవ్వు. మెడ చుట్టూ రెండు ముసలి చేతులు బిగిసి ఉన్నాయి. ఫొటో పెట్టినవాళ్లు మిగతాది కత్తిరించేశారు గానీ, ఆ చేతులు మా అత్తగారివి.

చూస్తుండగానే దండాలు, పువ్వులు, దీపాలు వరస కట్టాయి. మా ఆయన తన ఫోను చూసుకుంటూ వచ్చి, “నువ్వేమీ పెట్టవా?” అని అడిగారు. పెట్టనన్నాను. ఆయన కూడా పెట్టలేదు.

అన్న అసలు పేరు గల్లీలో ఎవరూ వాడేవారు కాదు. పాలవాడికీ, కోచింగుకొచ్చిన పిల్లలకీ, తనకన్నా పెద్దవాళ్లకీ కూడా ఆయన అన్నే. నేనూ ఇక్కడ అలాగే అంటాను.

అమీర్‌పేట మెట్రో స్టేషను దగ్గర దిగి పంజగుట్ట వైపు నడుస్తుంటే పెద్దరోడ్డు వెనక పల్లానికి దిగే గల్లీ మాది. దిగువన, చిట్టచివర, అన్న హాస్టల్. కంప్యూటర్ కోర్సులు నేర్చుకోవడానికి అన్ని జిల్లాల నుంచీ వచ్చిన మగపిల్లలు అందులో ఉండేవారు. దానికి ఎదురుగా ఉన్న పాత ఇంటి కింది భాగం మాది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, నాకు సోమాజిగూడలో ఉద్యోగం కుదిరాక, నడిచి వెళ్లొచ్చు గదా అని అది కొనుక్కున్నాం. సామాను దించుతున్న రోజునే ఆయన గేటు దాటి వచ్చి, నా చేతుల్లోని బియ్యం బస్తా లాక్కున్నాడు.

“ఇటియ్యి,” అన్నాడు.

ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో. ఎవరి చేతిలోనైనా బరువు కనిపిస్తే చాలు, ఆయన కాళ్లు ఆగేవి కావు. గ్యాసు సిలిండరు గానీ, కూరగాయల సంచీ గానీ, నిద్రపోతున్న పిల్ల గానీ, “ఇటియ్యి” అని చెయ్యి చాచేవాడు. వద్దంటే చాచిన చెయ్యి తీసేవాడు కాదు. అదే ఆయన చేతిలోది మనం అందుకోబోతే ముఖం ముడుచుకునేవాడు. మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చాడు గానీ ఒక్కసారీ మంచినీళ్లు కూడా తాగలేదు.

పొట్టి మెడ, వెడల్పు భుజాలు. నడిచేటప్పుడు అరచేతులు వెనక్కి తిరిగి ఉండేవి, నీళ్లు తోస్తున్నట్టు. సాయంత్రాలు హాస్టల్ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కాగితంలో ఉప్పూకారం పోసుకుని, జేబులోంచి చిన్న చాకు తీసి జామకాయ కోసేవాడు. మొదటి ముక్క దారిన పోయేవాళ్లది. నేను ఆఫీసు నుంచి వచ్చే వేళకు ఎప్పుడూ ఒక ముక్క గాలిలో ఉండేది.

“తీస్కో చెల్లె. ఏం గాదు.”

మా ఆయన్ని ‘బావా’ అనేవాడు. మా వైపు ముక్కూ మొహం తెలియనివాళ్లు బావా అంటే ఇబ్బందిగా ఉంటుంది. ఈయన కొన్నాళ్లు నేల చూపులు చూసి, తర్వాత తనే ‘బావగారూ’ అనడం మొదలుపెట్టారు.

అన్న అబద్ధాలు కూడా గల్లీలో ప్రసిద్ధం. ఊళ్లనుంచి హాస్టల్ పిల్లల తండ్రులు ఫోన్ చేస్తే, పక్కనే పట్టపగలు దుప్పటి కప్పుకుని పడుకున్నవాణ్ణి చూస్తూనే, “మస్తు చదువుతుండు పటేలా. మీరు ఫికర్ వెట్టుకోకుండ్రి,” అనేవాడు. ఫోన్ పెట్టేసి మాకు కన్ను కొట్టేవాడు. ఎదుటివాళ్ల మనసు చిన్నబోకూడదని ఆడే అబద్ధాలు కదా, మేమంతా నవ్వేవాళ్లం. క్యారమ్స్‌లో ఓడిపోతే మాత్రం బోర్డు వంకరగా ఉందనేవాడు. బోర్డు కింద అట్టముక్కలు పెట్టి, మళ్లీ ఆడి, మళ్లీ ఓడి, ఈసారి కాయిన్లు బాలేవనేవాడు. తప్పు తనదని ఒప్పుకున్న సందర్భం ఒక్కటీ నాకు గుర్తు లేదు.

ఆయన భార్యను నేను వదినా అనేదాన్ని. హాస్టల్ వంటంతా ఆమె చేతి మీదుగానే జరిగేది. తక్కువ మాట్లాడేది. ఆయన ఎక్కువ మాట్లాడేవాడు గనక ఇద్దరికీ సరిపోయేది.

వరద వచ్చిన రోజు మధ్యాహ్నం నుంచే వాన ఆగలేదు. ఆఫీసులో కరెంటు పోయాక బయల్దేరాను. పంజగుట్ట చౌరస్తా దగ్గర నీళ్లు నడుము దాకా ఉన్నాయి. బంజారాహిల్స్ మీద నుంచి దిగే నీళ్లు రోడ్డు వెడల్పునా పారుతున్నాయి. ఎవరో తెలియనివాళ్లు డివైడరు రెయిలింగు పట్టుకుని చేయీ చేయీ కలిపి వరసగా నిలబడ్డారు. వాళ్ల చేతుల మీదుగానే ఇవతలికి వచ్చాను. ఇంట్లో పక్షవాతంతో కాళ్లు పడిపోయిన మా అత్తగారు ఒక్కరే ఉన్నారు. మా ఆయన బేగంపేట అవతల ఇరుక్కుపోయారు. ఫోన్లు కలవడం లేదు. నాకు ఏడుపు కూడా రాలేదు, కాళ్లే కదులుతున్నాయి.

గల్లీ మొదట్లోకి వచ్చేసరికి ఒక తాడు కనిపించింది. గేటు నుంచి గేటుకు కడుతూ కింది దాకా తీసుకెళ్లారు. హాస్టల్ పిల్లలు దాని వెంట నిలబడి మనుషుల్ని ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటున్నారు. తాడు పట్టుకుని దిగుతున్నాను. మా ఇంటి మెట్లు మునిగిపోయి ఉన్నాయి. అప్పుడే మా గుమ్మంలోంచి అన్న బయటికి వచ్చాడు. వీపు మీద మా అత్తగారు.

ఆవిడ ఆయన్ని తిడుతున్నారు. “మెల్లగా నడవవయ్యా, నా కళ్లజోడు జారిపోతోంది.”

“కండ్లద్దాలు పోతే కొత్తయి గొందాం అమ్మా. గట్టిగ వట్టుకో,” అని ఆయన నవ్వుతున్నాడు. నన్ను చూసి, “చెల్లె, నువ్వొచ్చినవా, అయిపోయింది. ఇగ ఫికర్ లేదు,” అన్నాడు. ఎవరో పైనుంచి తీసిన ఫొటో అప్పటిదే.

ఆ సాయంత్రం కింది ఇళ్లవాళ్లమంతా హాస్టల్ పై అంతస్తుల్లో చేరాం. పిల్లలు తమ మంచాలు ముసలివాళ్లకు ఇచ్చేశారు. డాబా మీద రేకుల కింద వదిన పెద్ద పొయ్యి వెలిగించి కిచిడీ వండింది. పక్కన పచ్చిపులుసు. పచ్చిపులుసు అంటేనే మొహం చిట్లించే మా అత్తగారు రెండోసారి అడిగి పోయించుకున్నారు. పక్కింటివాళ్లతో గేటు దగ్గర తలూపడమే తప్ప మాటల్లేని మేము, ఆ రోజు ఒకే గిన్నె చుట్టూ కూర్చుని తిన్నాం.

హాస్టల్ పక్క అపార్టుమెంటు సెల్లార్‌లో ఒక గదిలో యాదగిరి, యాదమ్మ ఉండేవారు. గల్లీ బట్టలన్నీ వాళ్లే ఇస్త్రీ చేసేవారు. చీకటి పడుతుండగా యాదగిరి తన భార్యను పైకి తెచ్చి, మూటలు కట్టిన బట్టలు తడిసిపోతాయని మళ్లీ దిగాడట. అదే సమయంలో సెల్లార్ గోడ ఒక పక్క విరిగి నీళ్లు ఒక్కసారిగా నిండాయి. అన్న నడుముకు తాడు కట్టుకుని మునిగాడు. పిల్లలు తాడు పట్టుకున్నారు. పైకి వచ్చి ఊపిరి పీల్చుకుని మళ్లీ మునిగాడు. మెట్ల మీద నిలబడి మేము చూస్తున్నాం. యాదమ్మ అరవడం లేదు, నీళ్ల వైపే కళ్లు పెట్టి ఉంది. చివరికి యాదగిరిని వీపున వేసుకుని వచ్చాడు. మెట్ల మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కుతూనే ఉన్నాడు. ఇక లాభం లేదని అందరికీ తెలిసిపోయాక కూడా నొక్కుతూనే ఉన్నాడు. వదిన వచ్చి చెయ్యి పట్టుకుని లాగితే ఆగాడు. అంత మనిషీ మెట్టు మీద కూలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. యాదమ్మే ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

నీళ్లు తీశాక వచ్చిన రోజులు నేను మరిచిపోలేను. ఇళ్లల్లో మోకాలి ఎత్తున బురద. హాస్టల్ పిల్లలు పారలు పట్టుకుని ఒక్కో ఇల్లూ ఎత్తి పోశారు. పెద్దరోడ్డు మీది బట్టల షాపువాళ్లు దుప్పట్లు పంపారు. పంజగుట్ట వైపు నుంచి ఎవరెవరో పాల ప్యాకెట్లు తెచ్చి గేట్లకు తగిలించి పోయారు. మా పెళ్లి ఫొటోలు, మరొకరి సర్టిఫికెట్లు, ఇంకొకరి పట్టుచీరలు అన్నీ కలిసి హాస్టల్ డాబా మీద ఆరాయి. యాదమ్మకు గల్లీ అంతా కలిసి కొత్త బండి, ఇస్త్రీపెట్టె కొనిచ్చాం. బండి పెట్టుకోవడానికి అన్న తన హాస్టల్ సన్‌షేడ్ కింద జాగా ఇచ్చాడు. గ్రూపు కూడా అప్పుడు పెట్టుకున్నదే.

మా వైపు రాఖీల అలవాటు లేదు. ఆ సంవత్సరం మాత్రం కొని తెచ్చి ఆయన చేతికి కట్టాను. మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఏదో అనబోయి ఆగి, జామకాయ కోసి ఇచ్చాడు.

వరద ఎందుకు వచ్చిందన్న మాట గల్లీలో చాలాకాలం నడిచింది. ఇంతకు ముందూ పెద్ద వానలు పడ్డాయి, గల్లీలోకి ఇన్ని నీళ్లు రాలేదని పాతవాళ్లు అనేవారు. ఆ మాట వచ్చినప్పుడల్లా అన్న చెయ్యెత్తి బంజారాహిల్స్ వైపు చూపించేవాడు.

“పైకెల్లి వచ్చే నీళ్లకు మనం ఏం జేస్తం చెల్లె. ఆళ్లు కొండలు దొలిచి బిల్డింగులు గట్టిండ్రు. ఆ నీళ్లన్నీ మన నెత్తి మీదికే.”

నిజమే అనిపించేది. మమ్మల్ని వెంటబెట్టుకుని ఆఫీసర్ల దగ్గరికి వెళ్లి, ముందు నిలబడి మాట్లాడింది కూడా ఆయనే.

మరుసటి ఎండాకాలంలో ఒక పొద్దున ఆయన మా తలుపు కొట్టాడు. మొహం వాడిపోయి ఉంది.

“చెల్లె, నా హాస్టల్ కూలగొట్టనీకి వచ్చిండ్రు. జేసీబీ తెచ్చిండ్రు. జర మీరంతా రాండ్రి.”

ఆయన అంతకు ముందు ఎవరినీ ఏదీ అడగలేదు. అందుకే చేతిలో పని చేతిలోనే వదిలి ఇంటింటి నుంచీ వచ్చేశాం. పొయ్యి మీద అన్నం ఆపేసి నేను, ఆఫీసుకు సెలవు చెప్పి మా ఆయన. కాలువ పనుల మీద వచ్చిన ఇంజినీరు చిన్నవయసు అమ్మాయి. పాత వానకాలువ ఒకటి హాస్టల్ కింద నుంచి పెద్ద నాలాలో కలవాలనీ, అది ఎక్కడ ఆగిందో చూడాలంటే పార్కింగ్ నేల పగలగొట్టాలనీ చెబుతోంది.

“కాలువ మంచిగనే ఉన్నది మేడమ్. నేను గట్టినప్పుడు నా కండ్లతోటి జూసిన. గిదంత హాస్టల్ గుంజుకోనీకి జేస్తున్న నాటకం,” అన్నాడు అన్న.

మేమంతా ఔనన్నాం. ఆడవాళ్లను ముందు వరసలో నిలబెట్టింది ఆయనే. తర్వాత సన్‌షేడ్ కిందికి వెళ్లి యాదమ్మ చెయ్యి పట్టుకుని తెచ్చాడు. ఆ మాటలు నేను పక్కనే ఉండి విన్నాను.

“యాదమ్మా, నువ్వు జర ముంగట నిలబడు. నిన్ను జూస్తే ఆళ్లకు చెయ్యి రాదు.”

ఆమె వెళ్లి జేసీబీ తొట్టికి ఎదురుగా నిలబడింది. ఇంజినీరు అమ్మాయి ఆమెతో మెల్లగా, “అమ్మా, నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయో చూడటానికే తవ్వుతున్నం,” అంది.

“నా పెనిమిటిని నీళ్లల్లకెల్లి తెచ్చినాయన ఇల్లు ఇది,” అంది యాదమ్మ. “దీన్ని ముట్టనియ్య. ముందు నా మీదికెల్లి పోనియ్యుండ్రి.”

మేం చప్పట్లు కొట్టాం. జేసీబీ డ్రైవరు ఇంజను ఆపేశాడు. మధ్యాహ్నానికి వాళ్లు వెళ్లిపోయారు. సాయంత్రం అన్న గల్లీ అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. యాదమ్మకు మాత్రం వేరేవాళ్ల చేత పంపించాడు. అలా ఎందుకు చేశాడన్న ఆలోచన నాకు ఆ వేళ రాలేదు.

వానాకాలం వచ్చింది. ఒక మామూలు వానకే ఇళ్లల్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. అవి తీసిన మర్నాడు పొద్దున హాస్టల్ పార్కింగులో పెద్ద చప్పుడైంది. నేల ఒక పక్క కుంగి, నిలబెట్టి ఉన్న మోటారుసైకిలు సగం దిగబడింది. గల్లీ అంతా పరిగెత్తుకొచ్చింది. మోటారుసైకిలు లాగి, పగిలిన పెచ్చులు తీశాక లోపల ఏముందో కనిపించింది.

రెండు పక్కలా పాతకాలపు రాతి గోడలు. మనిషి నిటారుగా నడిచిపోయేంత కాలువ. దాని నిండా రాళ్లూ మట్టీ కూరి ఉన్నాయి. గట్టిపడిపోయిన సిమెంటు బస్తాలు ఉన్నాయి. అడుగున ఒక గొట్టం, దాని నోరు బకెట్టంత కూడా లేదు. కాలువ నడిమధ్యలో హాస్టల్ పిల్లర్ దిగి ఉంది. పునాది తవ్వినవాళ్లకు తెలియకుండా కాలువ మధ్యలో పిల్లర్ లేవదు. ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

అన్న మా అందరి మధ్యనే ఉన్నాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. యాదమ్మ జనాన్ని తప్పించుకుని అంచు దాకా వచ్చి వంగి చూసింది.

“అన్నా, నీళ్లు గిందులకెల్లి పోవాల్నా?” అని అడిగింది.

ఈసారి ఆయనకు బంజారాహిల్స్ వైపు చెయ్యి లేవలేదు.

ఆమె వెనక్కి వెళ్లి, బండి మీది బట్టలు మూట కట్టి, సన్‌షేడ్ కింద నుంచి బండిని బయటికి లాగడం మొదలుపెట్టింది. చక్రం పగిలిన పెచ్చుల్లో ఇరుక్కుంది. ఆయన కాళ్లు అలవాటు కొద్దీ కదిలాయి. వెళ్లి బండి పట్టుకున్నాడు.

“ఇటియ్యి యాదమ్మా.”

“చెయ్యి దియ్యి,” అంది ఆమె.

ఆయన తీశాడు. ఆమె ఒక్కతే ఎత్తి, తోసి, ఎగువకు నెట్టుకుంటూ పోయింది. మేమెవరం కదల్లేదు. ఆమెకు సాయం వెళ్తే ఆయన్ని అవమానించినట్టవుతుందేమోనన్న మొహమాటం అప్పటికి కూడా మాలో మిగిలి ఉంది.

సాయంత్రం ఆయన ఎప్పటిలా గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. చేతిలో జామకాయ లేదు.

“మీకు ఎప్పటి నుంచి తెలుసు?” అని అడిగాను.

“గట్టేటప్పుడు గొట్టం సరిపోతదన్నరు చెల్లె. నేను సుత నమ్మిన. జాగ తక్కువుండె. పిల్లర్ ఏడ వెయ్యాలె?”

“వరద వచ్చినప్పుడు?”

“ఆ రోజు నీళ్లల్ల దిగినంక తెల్సింది. నీళ్లు ముంగటికి పోతలేవు, గోడకు గొట్టుకొని ఎనుకకు వస్తున్నయి. కాళ్లకు తెలుస్తుండె.”

మా అత్తగారిని మోస్తున్నప్పుడు, నన్ను చూసి ఇక ఫికర్ లేదని నవ్వినప్పుడు, ఆయన కాళ్లకు తెలుస్తూనే ఉందన్నమాట. యాదగిరి కోసం మునిగినప్పుడూ తెలుసు.

“మరి మాకెందుకు చెప్పలేదన్నా?”

“చెప్తే నన్ను అన్నా అని పిలుస్తుంటిరా మీరు? నువ్వు రాఖీ గడ్తుంటివా?”

“అది సరే. జేసీబీ వచ్చిన రోజు యాదమ్మను ముందు నిలబెట్టారు కదా. అప్పుడూ తెలుసు కదా.”

ఆయన గోరుతో కుర్చీ చెయ్యి గీకాడు.

“ఆమె నిలబడితేనే ఆళ్లు ఆగుతరు. ఇంకెవలు నిలబడ్డ ఆగకపోతుండ్రి,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన గొంతులో తప్పు ఒప్పుకుంటున్న ధ్వని లేదు. అదొక లెక్క చెబుతున్నట్టే ఉంది. అక్కడి నుంచి వచ్చేశాను.

కాలువ పూడ్చడం వరకూ నేను అర్థం చేసుకోగలను. పల్లెలో పొలం అమ్ముకుని పట్నంలో చారెడు జాగా కొన్న మనిషి, ప్రతి అంగుళమూ కట్టుకోవాలనుకుంటాడు. భయపడి చెప్పకపోవడం కూడా అర్థమవుతుంది. కానీ మమ్మల్నందర్నీ కలిపిన ఆ వరదనే ఆయన తన గోడకు కాపలా పెట్టుకున్నాడు. మా కృతజ్ఞతను, ఆమె ఏడుపును ముందు వరసలో నిలబెట్టాడు. మేం ఆ రోజు కొట్టిన చప్పట్లు ఇంకా నా చేతుల్లో మండుతున్నాయి.

ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు మా అత్తగారు గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఒకరోజు నేను కాస్త గట్టిగానే అంటుంటే ఇటు తిరిగి, “అయితే నన్ను నీళ్లల్లో వదిలేసి ఉంటే బాగుండేదా ఏంటి?” అన్నారు. గల్లీలో చాలామందిదీ అదే మాట. ‘తప్పే, కానీ అంత చేసిన మనిషి’ అనేవారు. కొన్నాళ్లకు ‘తప్పే’ అనడం మానేసి ‘అంత చేసిన మనిషి’ అన్నంత వరకే అనడం మొదలుపెట్టారు. యాదమ్మ ముందు మాత్రం ఎవరూ అనలేదు. ఆమె బండి గల్లీ మొదట్లో, మెట్రో స్తంభం నీడలో పెట్టుకుంది.

కాలువ తెరిచారు. హాస్టల్ ముందు భాగం కొట్టేశారు. మిగిలినదాన్ని వేరేవాళ్లకు అప్పజెప్పి అన్న, వదిన ఉప్పల్ వైపు కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. సామాను ఎక్కించుకునే రోజు పిల్లలు చెయ్యి వేయబోతే వద్దని, అన్నీ తనే మోసుకున్నాడట. నేను ఆఫీసులో ఉన్నాను. రాఖీ పండగనాడు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఎత్తనందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు. ఎత్తాలనిపించినందుకే ఉంది.

ఆ తర్వాత ఆయన సంగతి తెలిసింది గ్రూపులో వచ్చిన ఈ ఫొటోతోనే. గుండె ఆగి పోయాడని తర్వాత ఎవరో రాశారు.

మొన్న వదిన వచ్చింది. దినాలకు పిలవడానికి గల్లీలో ఇంటింటికీ వెళ్తోంది. బాగా చిక్కిపోయింది. కూర్చోమని మంచినీళ్లు ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది.

“నీ మీద మస్తు పానం ఆయనకు,” అంది. “పోయేముందు సుత నీ ముచ్చటే తీసిండు. చెల్లె వస్తదా అని అడిగిండు. వస్తదని చెప్పిన.”

అది అబద్ధమని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. చనిపోయే మనిషి మనసు చిన్నబోకూడదని ఆడిన అబద్ధం. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె మీద జాలేసింది. ఆ వరద సాయంత్రం పొగలో కళ్లు తుడుచుకుంటూ కిచిడీ కలుపుతున్న మనిషి గుర్తొచ్చింది. ఈమెకు మాత్రం ఏం తెలుసు, ఈమె కూడా మాలాగే మోసపోయింది కదా అనుకున్నాను. ఆ జాలితోనే, ఓదార్చడానికే అడిగాను.

“వదినా, ఆ కాలువ సంగతి మీకు కూడా అప్పుడే తెలిసిందా, మాతోపాటు?”

ఆమె గ్లాసు కింద పెట్టింది. నా మొహంలోకి నేరుగా చూసింది.

“కాలువ లోపట సిమెంటు బస్తాలు నింపుతున్నప్పుడు కూలోళ్లకు చాయ్ పోసింది నేనే గదా,” అంది.

ఆ మాటలో కోపం లేదు, సిగ్గూ లేదు. అడిగావు గనక చెప్పాను అన్నట్టు ఉంది. లోపల మంచం మీద మా అత్తగారు దగ్గారు.

“దినాలకు నేను రాను వదినా,” అన్నాను.

తలూపింది. కొంగు సర్దుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగి, “యాదమ్మకు నువ్వు చెప్తవా? నాకు నోరు రాదు,” అంది.

“మీరే చెప్పండి,” అన్నాను.

వరండాలోంచి చూస్తే గల్లీ మొదలు దాకా కనిపిస్తుంది. వదిన మెల్లగా ఎగువకు నడిచి ఇస్త్రీ బండి దగ్గర ఆగింది. ఏదో చెప్పింది. యాదమ్మ పెట్టె పక్కన పెట్టి విన్నది. విని తలూపి, మూటలోంచి ఇంకో చొక్కా తీసి బండి మీద పరిచింది. వదిన కదల్లేదు. యాదమ్మ కాలర్ దగ్గర నీళ్లు చిలకరించి ఇస్త్రీ మొదలుపెట్టింది, ఎదురుగా ఎవరూ లేనట్టే.

వదిన ఇంకా నిలబడే ఉంది. ఎంతసేపు నిలబడిందో నేను చూడలేదు. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.